సిస్టర్ నిలబడితే

మన వైపు డాక్టరు ఎమ్మెల్యే కావడం వింతేమీ కాదు. నరసరావుపేటలో ఆపరేషన్లు చేసుకునే కోడెల శివప్రసాదరావు 1983లో అసెంబ్లీకి వెళ్లి, 2014లో స్పీకరు కుర్చీలో కూర్చున్నారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి పులివెందులలో తండ్రి పేరున ఆసుపత్రి పెట్టి, 1978లో మొదటిసారి గెలిచి, 2004లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన గురించి చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. తిరుపతిలో హౌస్‌సర్జన్‌గా చేస్తున్న రోజుల్లో అక్కడి హౌస్‌సర్జన్ల సంఘానికి ఆయనే నాయకుడు. ఆసుపత్రి, సంఘం, అసెంబ్లీ. డాక్టరుకి మూడు మెట్లూ ఒకే వరసలో కట్టి ఉంటాయి.

డాక్టరుకి ఓటు ఎందుకు పడుతుందో రచ్చబండ మీద కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు. ఆయన హస్తవాసి మంచిది. మా ఆవిడ కాన్పు కష్టమైతే అర్ధరాత్రి లేచి వచ్చాడు. మా తమ్ముడికి పాము కరిస్తే ఫీజు మాటెత్తకుండా సూదేశాడు. ఏళ్ల తరబడి ఇలాంటి రుణాలు ఊరూరా పోగుపడతాయి. ఆయన ఒకరోజు తెల్లచొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టగానే ఆ రుణమంతా ఓటై తీరుతుంది. ఇందులో మోసమేమీ లేదు. ప్రాణం నిలబెట్టిన మనిషికి ఓటెయ్యడం కంటే గొప్ప కారణాలు చూసుకుని మనం ఓట్లేస్తున్నామా ఏమిటి!

అయితే ఆ అర్ధరాత్రి కాన్పులో ఇంకో మనిషి కూడా ఉంది. డాక్టరు వచ్చేదాకా నాడి చూస్తూ కూర్చున్నదీ, ఆయన వెళ్లాక రక్తస్రావం ఆగిందో లేదో తెల్లారేదాకా కనిపెట్టుకున్నదీ ఆవిడే. ఆవిడ పేరు ఎవరికీ గుర్తుండదు. ‘సిస్టర్’ అని కేకేస్తే వార్డులో ఎవరో ఒకరు వెనక్కి తిరుగుతారు, అంతే. గాయం మానితే డాక్టరు చెయ్యి మంచిది. సెలైన్ ఎక్కించిన చోట వాస్తే సిస్టర్ చెయ్యి మొరటుది. డాక్టర్ల ఫ్లెక్సీలు ప్రతి సెంటర్లోనూ చూశాను గానీ, ‘మన సిస్టరమ్మనే గెలిపించుకుందాం’ అన్న ఫ్లెక్సీ ఇంతవరకూ నా కంట పడలేదు.

మా వదిన ఒక ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. మొదట్లో కాంట్రాక్టు, చాలా కాలానికి రెగ్యులర్. నర్సుల సంఘంలో జిల్లా స్థాయి బాధ్యత చూసేది. ధర్నాలో మైకు పట్టుకుందంటే టెంటు బయట బజ్జీలేసేవాడు కూడా చెయ్యి ఆపి వినేవాడు. ఒకసారి పండక్కి అందరం కలిసినప్పుడు అడిగాను.

“వదినా, ఇంత బాగా మాట్లాడతావు, ఎలక్షన్లలో నిలబడొచ్చుగా?”

“నిలబడ్డానికేముందయ్యా, డ్యూటీ ఎక్కింది మొదలు నిలబడే ఉంటాను. కూర్చోబెట్టే పని ఏదన్నా ఉంటే చెప్పు,” అంది మూకుట్లో గారెలు తిప్పుతూ.

నవ్వులయ్యాక తెలిసిందేమిటంటే, ఆవిడ ఈ లెక్క ఎప్పుడో వేసుకుంది. ప్రభుత్వోద్యోగి రాజకీయాల్లో తిరగడానికి ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. నామినేషన్ వెయ్యాలంటే ఉద్యోగానికి రాజీనామా ఇవ్వాలి, ఎందుకంటే ప్రభుత్వం కింద ‘లాభదాయక పదవి’లో ఉన్నవాళ్లు చట్టసభకి పనికిరారని రాజ్యాంగం 102, 191 అధికరణాలు చెబుతున్నాయి. డాక్టరుకి ఇది పెద్ద చిక్కు కాదు. ఓడిపోతే మర్నాడు క్లినిక్ తలుపు తీస్తాడు, ప్రచారంలో తిరిగిన పుణ్యాన నలుగురు పేషెంట్లు ఎక్కువే వస్తారు. 2023 రాజస్థాన్ ఎన్నికల్లో ఒక ప్రభుత్వ డాక్టరు పోటీకి దిగితే, ఓడిపోతే మళ్లీ డ్యూటీలో చేరొచ్చని అక్కడి హైకోర్టు వెసులుబాటు కూడా ఇచ్చింది. స్టాఫ్ నర్సు ఏ తలుపు తీస్తుంది? ఆవిడ రాజీనామా ఇస్తే ఇంటి లోను వాయిదా, పిల్ల ఫీజు, ముందున్న పింఛను, అన్నీ ఆ కాగితంతో పాటే వెళ్లిపోతాయి.

కాబట్టి ఆసుపత్రి నుంచి అసెంబ్లీకి ఉన్న ఆ మూడు మెట్లలో నర్సుకి మధ్యదొక్కటే దక్కుతుంది. సంఘం. అక్కణ్ణుంచి పైకి వెళ్లిన మనిషి ఎవరని వెతుకుతుంటే, ఈ కథ సముద్రాలవతల మెల్‌బోర్న్‌లో దొరికింది. దొరకడానికి కారణం కూడా మా వదినే. వాళ్లమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి అక్కడ రిజిస్ట్రేషన్ తెచ్చుకుని, నగరానికి ఉత్తరాన ప్రెస్టన్ అనే పేటలో కాపురముంటోంది. ఆ పేట ఎంపీ ఒక నర్సు. పేరు జెడ్ కియర్నీ.

1963లో పుట్టిన ఈవిడ తొమ్మిది మంది పిల్లల్లో ఎనిమిదోది. ఆస్టిన్ ఆసుపత్రిలో నర్సుగా తయారై, తర్వాత అక్కడే నర్సులకు శిక్షణ ఇచ్చే పని చూసింది. నర్సుల ఫెడరేషన్‌లో పనిచేస్తూ 2008లో దేశం మొత్తానికి కార్యదర్శి అయింది. 2010లో అన్ని కార్మిక సంఘాలకూ తలకాయలాంటి ఏసీటీయూకి అధ్యక్షురాలైంది. 2018లో ఆ కుర్చీ వదిలి, లేబర్ పార్టీ తరఫున ఒక ఉప ఎన్నికలో పార్లమెంటుకి పోటీ చేసింది.

ఏసీటీయూ అధ్యక్షులు పార్లమెంటుకి వెళ్లడం ఆ దేశంలో ఆనవాయితీ. బాబ్ హాక్ 1980లో వెళ్లి 1983కల్లా ప్రధాని అయ్యాడు. సైమన్ క్రీన్, మార్టిన్ ఫెర్గూసన్, జెన్నీ జార్జ్ అదే దారి పట్టారు. కానీ హాక్ రోడ్స్ స్కాలరు, సంఘానికి పరిశోధకుడిగా చేరి వాదనలు వినిపించి పైకొచ్చినవాడు, ఫ్యాక్టరీ సైరన్‌కి లేచిన మనిషి కాదు. కియర్నీ అలా కాదు. ఆవిడ బెడ్‌పాన్ మోసింది, రాత్రి డ్యూటీ చేసింది. పోస్టరు మీద ‘నర్సు’ అని వేసుకుంటే అబద్ధమనే వీల్లేదు.

మరి పోటీ నాటికి ఆవిడ నర్సేనా? ఇక్కడే నాకు ఈ వ్యవహారం ఆసక్తిగా తోచింది. ఆస్ట్రేలియా రాజ్యాంగంలో 44వ సెక్షన్ ఉంది. మన లాభదాయక పదవి నియమానికి అన్నలాంటిది, ఇంకా కటువైంది. 1992లో హాక్ ఖాళీ చేసిన విల్స్ స్థానంలో ఫిల్ క్లియరీ అనే బడిపంతులు ఇండిపెండెంటుగా గెలిచాడు. జీతం లేని సెలవులో ఉండి పోటీ చేశాడు పాపం. సెలవులో ఉన్నా, జీతం తీసుకోకపోయినా, నామినేషన్ నాటికి ప్రభుత్వోద్యోగివే కదా అని హైకోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది. ప్రభుత్వాసుపత్రి నర్సుకైనా అదే గతి, ముందు ఉద్యోగం వదులుకోవాలి. విల్స్ పక్క నియోజకవర్గమే కియర్నీది, మధ్యలో మెర్రీ అనే వాగు. ఆవిడకి ఏ అడ్డూ రాలేదు, ఎందుకంటే సంఘం పదవి ప్రభుత్వ పదవి కాదు. అంటే వార్డులో ఉన్న నర్సు పోటీ చెయ్యలేదు. వార్డు వదిలి సంఘం ఆఫీసుకి చేరిన నర్సు చెయ్యగలదు. జనం ఓటేసేది నర్సుకి, చట్టం రానిచ్చేది మాజీ నర్సుని. మా వదిన వేసుకున్న లెక్కే అక్కడా నడుస్తోంది.

ఆ ఉప ఎన్నిక వచ్చిందే 44వ సెక్షన్ పుణ్యాన. పరాయి దేశపు పౌరసత్వం ఉన్నవాళ్లనీ అది రానివ్వదు. అప్పటి లేబర్ ఎంపీ తాను బ్రిటిష్ పౌరసత్వం వదులుకున్నట్టు కాగితం చూపలేక తప్పుకున్నాడు. సీటు పేరు అప్పట్లో బ్యాట్‌మన్. సినిమా గబ్బిలం గారు కాదు, మెల్‌బోర్న్ ప్రాంతంలో ఆదివాసుల భూముల మీద మొదట కన్నేసిన వలసదారుల్లో ఒకడైన జాన్ బ్యాట్‌మన్. మరుసటి ఏటి ఎన్నికలకల్లా ఆ పేరు తీసేసి, ఆదివాసుల హక్కుల కోసం జీవితమంతా పోరాడిన విలియమ్ కూపర్ పేరు పెట్టారు. పేర్లు మార్చడంలో మనకున్న అనుభవంతో చెబుతున్నాను, ఇది మంచి మార్పే.

ఆ పేటల్లో బెల్ స్ట్రీట్ అని ఒక పెద్ద రోడ్డుంది. దానికి దక్షిణాన కాఫీ షాపులు, సైకిళ్లు, చదువుకున్న కుర్రకారు, గ్రీన్స్ పార్టీ ఓట్లు. ఉత్తరాన పాతకాలపు కార్మిక కుటుంబాలు, ఇటలీ నుంచీ గ్రీసు నుంచీ వచ్చినవాళ్లు, ఆ తర్వాత మనవాళ్లు, లేబర్ ఓట్లు. లిబరల్ పార్టీ అభ్యర్థినే పెట్టలేదు. గ్రీన్స్ తరఫున భారతీయ మూలాలున్న అలెక్స్ భతల్, ఆవిడకి అది ఆరో పోటీ. గోడల మీద, కంచెల మీద ఎక్కడ చూసినా క్వీన్స్‌లాండ్‌లో అదానీ బొగ్గుగనిని ఆపమనే బోర్డులే. గుజరాతీ కంపెనీ తవ్వకం, పంజాబీ పేరున్న ప్రత్యర్థి, మధ్యలో మెల్‌బోర్న్ నర్సు. మార్చి 17న ఓట్లు పడ్డాయి. 2016లో 51 శాతంతో గట్టెక్కిన సీటును కియర్నీ 54.4 శాతంతో నిలబెట్టింది.

వదిన వాళ్ల అమ్మాయి పౌరసత్వం వచ్చాక 2022లో మొదటి ఓటు వేసింది. ఆ సంబరం ఫోన్లో చెప్పింది. శనివారం, బడి ఆవరణ, గేటు దగ్గర పార్టీల వాళ్లు ఎవరికి ఏ అంకె వెయ్యాలో చూపించే చీటీలు పంచుతున్నారు. లోపల అట్టపెట్టెల్లాంటి అరలు, దారంతో కట్టిన పెన్సిలు. ఒక్క పేరు ఎదుట ముద్ర గుద్దేసి వస్తే కుదరదు. అభ్యర్థులందరికీ ఒకటి, రెండు, మూడు అని వరస వెయ్యాలి. ఓటెయ్యకపోతే 20 డాలర్ల జరిమానా. బయటికొస్తే బడి నిధి కోసం అమ్మే రొట్టె ముక్కలో సాసేజి, వేయించిన ఉల్లిపాయ.

“నర్సు అని వేశావా?” అన్నాను.

“అందుకు కాదు బాబాయ్. నాకు నాలుగు బెడ్లే కదా, అందుకు,” అంది.

ఈ నాలుగు బెడ్ల సంగతి కొంచెం విప్పి చెప్పాలి. విక్టోరియా రాష్ట్రంలో పెద్ద ఆసుపత్రి జనరల్ వార్డులో పగలు నలుగురు రోగులకి ఒక నర్సు, పైన ఇన్‌ఛార్జి నర్సు వేరే. రాత్రి ఎనిమిది మందికి ఒకరు. ఇది ఎవరి దయా కాదు, చట్టం. లెక్కకి మించి రోగిని అప్పగించబోతే మా అమ్మాయి ‘కుదరదు’ అనొచ్చు. అప్పుడు ఇంకో నర్సుని పిలిపించాలి, లేదా ఆ బెడ్ మూసెయ్యాలి. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మా వదిన నమ్మలేదు. “ఎవరితో అంటావే కుదరదని? సూపర్నెంటుతోనా?” అని రెట్టించి అడిగింది.

వదిన వార్డు నేను చూశాను. రాత్రి డ్యూటీకి వెళ్లేటప్పుడు ఎప్రాన్ జేబులో చిన్న పాకెట్ నోటుబుక్కు పెట్టుకునేది. పెన్నుకి తెల్ల ప్లాస్టర్ టేపు కొంచెం చుట్టి ఉంటుంది, చీకట్లో దేనికైనా పనికొస్తుందని. పుస్తకంలో బెడ్ నంబర్లు వరసగా ఉంటాయి, వాటి ఎదురుగా టైములు. మంచాలయ్యాక కింద పరుపులు. వాటికి నంబరుండదు కాబట్టి ‘కిటికీ పక్క తాత’, ‘12 పక్కన కింద’ అని రాసుకునేది. పన్నెండు గంటల మందు పన్నెండుకి మొదలుపెడితే చివరి మనిషి దగ్గరికి చేరేసరికి రెండవుతుంది. పొద్దున డ్యూటీ అప్పగించేటప్పుడు ఆ పుస్తకం చూసి గబగబా చదువుతుంది. వినేవాళ్ల కళ్లు కిటికీ పక్కకి, నేల మీదకి వెళుతుంటాయి. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకి, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. ఆ లెక్క కాగితం మీద బాగానే ఉంది. దాన్ని చూపించి ‘కుదరదు’ అనే అధికారం మాత్రం వదినకి ఎవరూ ఇవ్వలేదు.

విక్టోరియా నర్సులకైనా అది ఊరికే రాలేదు. 1986లో ఐరీన్ బోల్జర్ నాయకత్వాన వాళ్లు 50 రోజులు సమ్మె చేశారు. రోగుల్ని గాలికొదిలేసి రోడ్డెక్కారని తిట్లు తిన్నారు. ఆ తిట్టు ఏ దేశంలోనైనా ఒకటే, అచ్చు గుద్దినట్టుంటుంది. 2000లో పారిశ్రామిక సంబంధాల కమిషన్ ఇరవై మంది రోగులకి ఐదుగురు నర్సులు అని తీర్పిచ్చింది. కానీ తీర్పూ, ఒప్పందమూ అయితే ప్రభుత్వం మారినప్పుడల్లా బేరానికి వస్తాయి. అందుకని చట్టమే కావాలని పట్టుబట్టి 2015లో సాధించారు. మొదలుపెట్టిన సమ్మెకీ చట్టానికీ మధ్య ఒక నర్సు చేరి రిటైరయ్యేంత కాలం గడిచింది.

నర్సు రాజకీయం ఇదీ అని నాకనిపిస్తుంది. డాక్టరు రాజకీయం రుణం మీద నడుస్తుంది, నర్సుది అంకె మీద. అలసటను అలసట అని చెబితే ఎవరూ వినరు. ‘మీ ఉద్యోగాలే అంత’ అంటారు, ఇంకా మాట్లాడితే ‘సేవ కదమ్మా’ అంటారు. అదే అలసటని నలుగురికి ఒకరు అని అంకెలో చెబితే, అవతలివాడు ఒప్పుకోవాలి, లేదా ఒప్పుకోనని బహిరంగంగా చెప్పాలి. తప్పించుకునే దారి సన్నబడుతుంది. ఆశ్చర్యమేమంటే ఈ విద్య వాళ్ల ఆదిగురువుదే. ఏ నర్సింగ్ కాలేజీకి వెళ్లినా ఫ్లోరెన్స్ నైటింగేల్ దీపం పట్టుకున్న పటమే ఉంటుంది, కొత్త బ్యాచ్ పిల్లలు తెల్లబట్టల్లో కొవ్వొత్తులు వెలిగించి ప్రతిజ్ఞ చేస్తారు. ఆవిడ సైనికుల చావులకు కారణాలు లెక్కగట్టి, రంగుల పటాలు గీసి, మంత్రుల ముందు పెట్టిన గణాంక నిపుణురాలు. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీ తన మొట్టమొదటి మహిళా సభ్యురాలిగా ఆవిడని చేర్చుకుంది. ఆ పటాలు మాత్రం మన కాలేజీ గోడల మీద కనిపించవు. దీపం పట్టుకున్న ఆడమనిషితో ఎవరికీ ఇబ్బంది లేదు, లెక్క పట్టుకున్న ఆడమనిషితోనే వస్తుంది.

రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007లో తెచ్చిన ఆరోగ్యశ్రీని నేను తక్కువ చెయ్యను. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే అనుకున్న ఇళ్లు దానివల్ల నిలబడ్డాయి. కానీ దాని స్వభావం చూడండి. ఒక డాక్టరు ఊరికి చేసే ఉపకారాన్ని రాష్ట్రమంతటికీ పరిచినట్టుంటుంది. రోగానికి ఒక పేరు, ఆపరేషన్‌కి ఒక ప్యాకేజీ, కార్డు మీద ముఖ్యమంత్రి బొమ్మ. ఆపరేషన్ అయ్యాక రాత్రంతా మెలకువగా ఉండే మనిషి ఎంతమందిని చూసుకుంటోంది అన్న ప్రశ్న ఆ కార్డు అడగదు. ఒక నర్సు ఆరోగ్య పథకం రాసి ఉంటే మొదట ఆ గడి గీసేదేమో.

అంకె మీద నడిచిన పోరాటం మన దగ్గరా ఒకటుంది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. వాళ్లు నర్సులు కాకపోవచ్చు గానీ, గర్భిణుల బరువూ పసిపిల్లల బరువూ తూచి రాసేది వాళ్లే. చేతికొచ్చేది 11,500. అడిగింది 26,000, గ్రాట్యుటీ. గ్రాట్యుటీ వాళ్లకి వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గుజరాత్ అంగన్‌వాడీల కేసులో చెప్పే ఉంది. సమ్మె సాగుతుండగా జనవరి 6న ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగితే మీది గౌరవ వేతనం అన్నారు, పని ఆపితే మీది అత్యవసర సేవ అన్నారు. రెండూ ఒకే ప్రభుత్వం నోటి వెంట వచ్చాయి. 42 రోజుల తర్వాత సమ్మె ముగిసింది. కొన్ని నెలలకే ఎన్నికలొచ్చి ఆ ప్రభుత్వం పోయింది. ఆ 42 రోజులూ టెంట్ల కింద మైకు పట్టి, జిల్లాల మధ్య తిరిగి, చర్చల్లో కూర్చుని, పోలీసు వ్యాన్లెక్కిన ఆడవాళ్ల కంటే మంచి అభ్యర్థులు ఏ పార్టీకి దొరుకుతారు? అందరూ వాళ్ల ఓట్లు అడిగారు.

ఇంతకీ సిస్టర్ గెలిచాక ఏమవుతుంది? ఇక్కడ నేను కొంచెం అనుమానపు మనిషిని. సంఘంలో ఉన్నప్పుడు సభ్యులేం కోరితే అది అడగడమే పని. పార్టీలో చేరాక పార్టీ ఏం చెబితే దానికి చెయ్యెత్తాలి. పడవల్లో వచ్చిన శరణార్థుల్ని నౌరూ, మానస్ దీవుల్లో ఉంచడాన్ని కియర్నీ బయట ఉన్నప్పుడు వ్యతిరేకించింది. ఆ విధానాన్ని సమర్థించే పార్టీ టిక్కెట్టు మీదే గెలిచి, లోపలుండి వాదిస్తానంది. లేబర్ పార్టీలో కాకస్ నిర్ణయం దాటి ఓటేస్తే మెడ మీదికొస్తుంది. కార్మిక సంఘంలోనే ఆర్గనైజరుగా పనిచేసి సెనేటరైన ఫాతిమా పేమన్ 2024 జూన్‌లో పాలస్తీనా గుర్తింపు తీర్మానం మీద గీత దాటింది. జులై మొదట్లోకల్లా పార్టీ బయట ఉంది. గీత దాటనిది మంత్రి అయింది. ఇద్దర్లో ఎవరు సరైనవారని మా అమ్మాయినడిగితే, “ఇద్దరికీ ఓటెయ్యొచ్చు బాబాయ్, ఇక్కడ వరస నంబర్లు కదా,” అని తప్పించుకుంది. బహుశా దేశం మారాక మనిషికి అలవడే తెలివి.

లోపలుండి వాదించడం వల్ల ఏం ఒరిగిందంటే, 2022లో లేబర్ ప్రభుత్వం వచ్చి కియర్నీ ఆరోగ్య, వృద్ధ సంరక్షణ శాఖలకు సహాయమంత్రి అయింది. వృద్ధాశ్రమాల దుస్థితి మీద రాయల్ కమిషన్ అంతకుముందే నివేదిక ఇచ్చింది. దాని మధ్యంతర నివేదిక పేరే ‘నిర్లక్ష్యం’. 2023 జులై 1 నుంచి ప్రతి వృద్ధాశ్రమంలో 24 గంటలూ రిజిస్టర్డ్ నర్సు ఉండాలన్నారు. ఆ తర్వాత ఒక్కో మనిషికి రోజుకి సగటున 200 నిమిషాల సంరక్షణ, 2024 అక్టోబరు నుంచి 215 నిమిషాలు. అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సువి. ముసలితనానికి నిమిషాల లెక్కేమిటని మనకి విడ్డూరంగా ఉంటుంది. కానీ అమ్మకి పక్క మార్చడానికి, నోట్లో మెతుకు పెట్టి అది మింగేదాకా ఆగడానికి ఎంతసేపు పడుతుందో చేసినవాళ్లకి తెలుసు. ఆ కాలానికి చట్టంలో చోటు దొరికింది. అన్నీ ఈవిడ చేసిందని అనను, అసలు శాఖ వేరే మంత్రిది. నొప్పి అని వెళ్లిన ఆడవాళ్లని ‘అంతా మనసులోనే’ అని వెనక్కి పంపే వైద్యపు అలవాటు మీద మాత్రం పట్టుబట్టి పనిచేసింది ఈవిడే. ఆ మాట మన ఓపీల్లో వినని ఆడది ఉందా?

అంతా శుభం అనుకునేలోపు 2024 వచ్చింది. విక్టోరియాలో లేబర్ ప్రభుత్వమే ఉంది, కేంద్రంలోనూ వాళ్లే, అందులో మాజీ నర్సు మంత్రి. అయినా మే నెలలో నర్సులు వేలాదిగా కూడి రాష్ట్ర ప్రభుత్వం ఇస్తానన్న పెంపు వద్దుపొమ్మన్నారు. జూన్‌లో నాలుగేళ్లలో 28.4 శాతానికి ఒప్పందం కుదిరింది. ‘మనవాళ్లే ఉన్నారు కదా, కాస్త ఓపిక పట్టండి’ అనే మాటకి అక్కడ ఎవరూ లొంగలేదు. ఈ ముక్క మా వదినకి తెగ నచ్చింది. మనవాళ్లు అధికారంలోకి రాగానే సంఘం గొంతు తగ్గడం ఆవిడ చాలాసార్లు చూసింది. ఎన్జీవో సంఘాల నాయకులు ఎమ్మెల్సీలై, మంత్రులై, మండలి చైర్మన్లయిన ఉదాహరణలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వాళ్లలో ఎంతమంది తర్వాత ధర్నా టెంటు వైపు చూశారని ఆవిడ అడిగితే నా దగ్గర చెప్పడానికేమీ లేకపోయింది.

ఈమధ్యే వదిన రిటైరైంది. మున్సిపల్ ఎన్నికల మాట మొదలవగానే ఒక పార్టీ స్థానిక నాయకులు ఇంటికొచ్చారు. వాళ్ల డివిజన్ మహిళలకి రిజర్వవుతుందని అంచనా. ఇప్పుడు రాజీనామా గొడవ లేదు, పింఛను దాని దారిన అది వస్తుంది. మా అన్నయ్య ఫొటో కూడా పక్కన వేద్దామన్నారు. అది వద్దని అన్నయ్యే అన్నాడు, ఆయనకి ఫొటోలంటే మొదట్నుంచీ చిరాకు. ఫ్లెక్సీకి రాసుకొచ్చిన కాగితం వదిన చేతిలో పెట్టారు. ‘ముప్పై ఏళ్ల సేవామూర్తి, హస్తవాసికి మారుపేరు, మన సిస్టరమ్మ’ అని ఉంది. వదిన కళ్లజోడు పెట్టుకుని చదివింది.

“మన డివిజన్‌లో అర్బన్ హెల్త్ సెంటర్ ఒకటే కదా బాబూ, ఎంతమంది జనానికది?” అని అడిగింది.

వచ్చినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“అందులో నర్సులెంతమంది, ఏఎన్‌ఎంలెంతమంది, రాత్రి ఎవరన్నా ఉంటారా?”

“అవన్నీ గెలిచాక చూద్దాం మేడమ్. ఫ్లెక్సీ మీద లెక్కలెవరు చదువుతారు?” అన్నాడు అందులో కుర్రవాడు.

వదిన ఆ టేపు చుట్టిన పెన్ను తీసి, ‘హస్తవాసి’ని అడ్డంగా కొట్టేసి, దాని మీద ఖాళీ గడి ఒకటి గీసింది. “కనుక్కురండి. ఎంతమందికి ఒకరో ఆ అంకె ఇందులో వేసి తెస్తే నిలబడతాను,” అంది. వాళ్లు కాఫీ తాగి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లారు. అంకె ఇంకా రాలేదు. అన్నయ్య మాత్రం నామినేషన్ డిపాజిట్ ఎంతో కనుక్కునే పనిలో ఉన్నాడు.